నమ్మినవాడి కుర్చీలో పిల్లల్ని కూర్చోబెట్టండి

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా తీరంలోని ఒక ఊరు. ఇక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. తొమ్మిదో తరగతికి నాజీయిజం పాఠం చెబుతూ రెండో ప్రపంచ యుద్ధంలో గూఢచారులు ఏం చేశారో నాలుగు మాటలు చెప్పాను. ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా ఆ రోజు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. ఒక అబ్బాయి లేచి, ‘‘మనవాళ్లు చేస్తే తెలివి, అవతలివాళ్లు చేస్తే మోసమా టీచర్?’’ అన్నాడు. ఏం చెప్పాలో తోచక వచ్చే వారం మాట్లాడుకుందామన్నాను. ఈ విషయం మీద మూడు పీరియడ్లు తీసుకోవాలనుకుంటే మా హెచ్‌ఎం గారు ఒప్పుకోవడం లేదు. ‘‘అబద్ధాలాడటం పాఠంగా చెబుతారా? రేపు పేరెంట్స్ వచ్చి అడిగితే ఏం చెప్పాలి?’’ అంటున్నారు. ఏం చెప్పాలి, ఏం వదిలేయాలి? (పేరు రాయవద్దని కోరారు)

సమాధానం:

టీచర్ గారూ,

ఆ అబ్బాయికి అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పి కూర్చోబెట్టకుండా గడువు అడిగారు. చాలా మంచి పని చేశారు. వాడి ప్రశ్నను ఉన్నదున్నట్టు బోర్డు మీద ఓ మూల రాయండి. మూడు పీరియడ్లూ అయ్యేదాకా చెరపొద్దు.

ముందు మీ హెచ్‌ఎం గారి సంగతి. ఆయన భయంలో అర్థం ఉంది. గూఢచారుల కథలు మనం మామూలుగా ఎలా చెబుతామో చూడండి. మోసం చేసినవాడి పక్కన నిలబడి చెబుతాం. ఎదుటివాణ్ని ఎలా బోల్తా కొట్టించాడు, ఎంత సాహసం చేశాడు, ఎలా గెలిచాడు అంటూ ఊపుగా చెప్పుకుపోతాం. అలా చెబితే, దొరకనంత కాలం అబద్ధం గొప్పదేనన్న ఒక్క ముక్కే పిల్లల బుర్రలో మిగులుతుంది. అందుకని కథను అటు నుంచి చెప్పండి. మోసపోయినవాడి కుర్చీలో పిల్లల్ని కూర్చోబెట్టండి. వాడి బల్ల మీదికి ఏ కాగితాలు వచ్చాయి? వాటిలో దేన్ని నమ్మాడు, ఎందుకు నమ్మాడు? ఎక్కడ అనుమానం రావాల్సింది? వాళ్లనే వెతకనివ్వండి. ఇలా చేస్తే అబద్ధం ఆడటం కాకుండా అబద్ధాన్ని పట్టుకోవడం నేర్పినట్టవుతుంది. హెచ్‌ఎం గారికీ, వచ్చి అడిగే పేరెంట్స్‌కీ ఈ మాటే చెప్పండి. సిలబస్‌లో ఉన్న యుద్ధమే కాబట్టి వేరే అనుమతుల గొడవ కూడా ఉండదు.

మొదటి పీరియడ్‌కి 1943 నాటి స్పెయిన్ తీరం తీసుకోండి. అప్పటికి మిత్రరాజ్యాలు ఉత్తర ఆఫ్రికాలో గెలిచే దశకు వచ్చాయి. తర్వాతి అడుగు ఇటలీ పక్కనున్న సిసిలీ ద్వీపమని మ్యాప్ చూసిన ఎవరికైనా అర్థమవుతుంది. జర్మన్లకూ అర్థమవుతుంది. వాళ్ల చూపు గ్రీసు వైపు, ఇటలీకే చెందిన సార్డీనియా ద్వీపం వైపు మళ్లించాలి. అందుకు బ్రిటిష్ నౌకాదళ గూఢచార విభాగంలోని యూయెన్ మాంటగూ, వైమానిక దళం నుంచి వచ్చిన చార్లెస్ చమ్లీ ఒక పథకం వేశారు. ఒక మృతదేహానికి అధికారి యూనిఫాం తొడిగి, ‘మేజర్ విలియం మార్టిన్’ అని పేరు పెట్టి, రహస్య పత్రాలున్న బ్రీఫ్‌కేసును గొలుసుతో దానికి తగిలించారు. ఏప్రిల్ 30 తెల్లవారుజామున సెరాఫ్ అనే జలాంతర్గామి నుంచి స్పెయిన్‌లోని వెల్వా దగ్గర సముద్రంలో వదిలారు. విమానం కూలి చనిపోయాడని చూసినవాళ్లు అనుకోవాలి. ఆ ఊళ్లో జర్మన్ ఏజెంటు ఉన్నాడనీ, స్పెయిన్ అధికారుల్లో కొందరు జర్మన్లకు కావలసినవాళ్లనీ తెలిసే ఆ చోటు ఎంచుకున్నారు.

ఈ కథ మీరు పిల్లలకు చెప్పకండి. ఆ కాగితాలు తయారుచేసి వాళ్ల చేతికివ్వండి. క్లాసును నాలుగు గుంపులు చేసి ఒక్కో గుంపుకు ఒక్కో కవరు ఇస్తే చాలు. ఆ మేజర్ జేబుల్లో ఏమేం దొరికాయంటే, పామ్ అనే అమ్మాయి ఫోటో, ఆమె రాసినట్టున్న రెండు ప్రేమలేఖలు, నిశ్చితార్థపు ఉంగరం అరువుకు కొన్న బిల్లు, తండ్రి రాసిన ఉత్తరం, నాటకం టికెట్ల ముక్కలు. వీటితోపాటు, ఖాతాలో ఉన్నదానికన్నా 79 పౌండ్ల 19 షిల్లింగుల 2 పెన్నీలు ఎక్కువ వాడేశారు, వెంటనే కట్టండి అని బ్యాంకు నుంచి ఒక ఉత్తరం. బ్రీఫ్‌కేసులో మాత్రం లండన్‌లోని జనరల్ నై, ఆఫ్రికాలో ఉన్న జనరల్ అలెగ్జాండర్‌కు రాసిన ఉత్తరం. గ్రీసు మీద దాడి సంగతి అందులో ముఖ్య విషయంగా కాకుండా, మాటల మధ్యలో దొర్లినట్టు పెట్టారు. చదివినవాడు అదే అసలు గుట్టని తనంతట తాను అనుకునేలా రాశారు.

మీరు బెర్లిన్‌లో కూర్చున్న జర్మన్ అధికారులు, ఈ మనిషి నిజమా కాదా పదిహేను నిమిషాల్లో తేల్చండి అని పిల్లలకు చెప్పండి. ఆ తర్వాత మీరు కాసేపు మాట్లాడకుండా ఉండాలి, కష్టమే అయినా. ఆ బ్యాంకు ఉత్తరం దగ్గర పిల్లలు ఆగుతారు. అప్పుల్లో ఉన్నవాడు ఉంగరం ఎందుకు కొన్నాడని ఒకరంటే, ప్రేమించాడు కాబట్టి కొన్నాడని ఇంకొకరంటారు. అలా మాట్లాడుకుంటున్నారంటే, లేని మనిషిని అప్పటికే ఉన్నాడనుకున్నట్టే. అక్కడ ఆపి అడగండి: ‘‘ఈ మనిషి నిజమని ఎప్పుడు నమ్మారు? ఏ కాగితం చూసి?’’ ఎక్కువమంది చూపించేది సైన్యం ఉత్తరాన్ని కాదు, అప్పుల కాగితాన్నో ప్రేమలేఖనో.

ఆ తర్వాత జరిగింది మీరు చెప్పండి. మృతదేహాన్ని మొదట చూసింది స్పెయిన్ జాలరి ఒకరు. బ్రీఫ్‌కేసు స్పెయిన్ నౌకాదళం చేతికి వెళ్లింది. ఉత్తరాల నకళ్లు జర్మన్లకు చేరాయి. బ్రీఫ్‌కేసును తిరిగి ఇచ్చేశాక, కవర్లు ఎవరో తెరిచి మళ్లీ మూశారని లండన్‌లో పరీక్ష చేసి కనిపెట్టారు. జర్మన్లు ఒక పంజర్ (ట్యాంకుల) డివిజన్‌ను ఫ్రాన్సు నుంచి గ్రీసుకు తరలించారు. జులై 10న మిత్రరాజ్యాల సైన్యాలు సిసిలీలో దిగాయి.

ఎందుకు నమ్మారన్న దానికి ఇంకో జవాబు ఉంది, దీని మీద కొంచెం ఎక్కువ సమయం పెట్టండి. గ్రీసు, బాల్కన్ల వైపు నుంచి దాడి వస్తుందేమోనని హిట్లర్‌కు ముందు నుంచే భయం. ఆ ఉత్తరం ఆ భయానికి ఊతమిచ్చింది. బ్రిటిష్‌వాళ్లు కొత్త నమ్మకం పుట్టించలేదు, ఉన్నదానికి నీళ్లు పోశారు. ఇంకా, తమ అబద్ధం పనిచేస్తోందా లేదా అన్నది వాళ్లు దగ్గరుండి చూడగలిగారు. ఇంగ్లండ్‌లోని సంకేతాలు ఛేదించే కేంద్రం బ్లెచ్లీ పార్క్‌లో జర్మన్ల సంకేత సందేశాలను చదువుతున్నారు కాబట్టి అవతల ఏమనుకుంటున్నారో ఇవతల తెలుస్తోంది. ఆ సంకేతాలు ఛేదించే పనికి పునాది వేసింది పోలండ్ గణితవేత్తలని చెప్పడం మాత్రం మరిచిపోకండి. 1932లోనే జర్మన్లు సందేశాలను సంకేతాలుగా మార్చే ఎనిగ్మా యంత్రం గుట్టు పట్టుకున్న మరియన్ రెయెవ్‌స్కీ, ఆయన సహచరులు తమకు తెలిసిందంతా 1939 జులైలో బ్రిటిష్, ఫ్రెంచ్ వాళ్లకు అప్పగించారు. ‘లెక్కలు ఎందుకు పనికొస్తాయి టీచర్’ అనే పిల్లలకు ఈ ఒక్కటి చాలు.

పీరియడ్ అయ్యేలోపు ఇంకొకటి చెప్పి తీరాలి. ఆ మృతదేహం ఎవరిది? గ్లిన్డోర్ మైకేల్ అనే వేల్స్ మనిషిది. ఇల్లూ వాకిలీ లేక లండన్‌లో తిరుగుతూ ఎలుకల మందు తిని చనిపోయాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు, అడిగే వీలూ లేదు. వెల్వా శ్మశానంలో ఆ సమాధి మీద చాలా ఏళ్లు మేజర్ మార్టిన్ అన్న పేరే ఉంది. అసలు పేరు 1998లో చేర్చారు. వేలమంది సైనికుల ప్రాణాలు కాపాడటానికి ఒక పేదవాడి శవాన్ని అలా వాడుకోవచ్చా? తీర్పు మీరివ్వకండి. మీ క్లాసు రెండుగా చీలిపోతుంది. చీలనివ్వండి.

ఇక రెండో పీరియడ్. దీని కోసం మీ పిల్లలు దూరం వెళ్లక్కర్లేదు. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ బంగాళాఖాతంలోకి వచ్చింది. నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరింది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపేసి, అది విశాఖ దగ్గరే ఉందని అవతలివాళ్లు అనుకునేలా చేశారు. పాతబడిన రాజ్‌పుత్ అనే యుద్ధనౌకను విశాఖ తీరం దగ్గర విక్రాంత్ వేషం వేయించారు. అంత పెద్ద నౌక చేసే స్థాయిలో అది వైర్‌లెస్ సందేశాలు పంపుతూ ఉండాలి. కాంట్రాక్టర్లకు రేషను, మాంసం, కూరగాయలు పెద్ద మొత్తంలో ఆర్డరిచ్చారు. విక్రాంత్‌లో పనిచేసే నావికుడొకడు జబ్బుపడిన తల్లి ఎలా ఉందని అడుగుతున్నట్టు మామూలు టెలిగ్రాం ఒకటి కావాలనే బయటికి పొక్కేలా పంపించారు.

ఆ టెలిగ్రాం దగ్గర ఆగండి. అక్కడ బ్యాంకు అప్పు, ఇక్కడ జబ్బుపడిన తల్లి. రెంటినీ పక్కపక్కన పెట్టి, ఈ రెండిటికీ పోలిక ఏమిటని అడిగితే పిల్లలే చెబుతారు. వాళ్ల ఇళ్లలోనూ ఇలాంటి కష్టాలే ఉంటాయి కదా.

డిసెంబరు 3 అర్ధరాత్రి విశాఖ తీరం దగ్గర భారీ పేలుడు వినిపించింది. ఘాజీ మునిగిపోయింది. అందులో ఉన్న 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు. శిథిలాల ముక్కలు ఇక్కడా మొదట జాలరుల చేతికే వచ్చాయి. మీ క్లాసులో జాలరి కుటుంబాల పిల్లలుంటే ఈ విషయం వాళ్లకు తప్పక చెప్పండి, తాతలను అడిగి రమ్మనండి. ఏం విన్నారో, ఎవరు చెబితే విన్నారో రెండూ రాసుకురమ్మనాలి. ఎవరు చెబితే విన్నారన్నది రాయకపోతే తిప్పి పంపండి.

ఇంతకీ ఘాజీ ఎలా మునిగింది? రాజ్‌పుత్ నీళ్లలోకి వేసిన డెప్త్ చార్జీల (నీటి అడుగున పేలే బాంబుల) వల్లేనని మన నౌకాదళం మాట. లోపల జరిగిన పేలుడు వల్లో, తాము పరిచిన మైనుల వల్లో అని పాకిస్తాన్ మాట. మన సైన్యంలో పెద్ద పదవులు చేసినవాళ్లలోనూ కొందరు మన కథనం మీద అనుమానాలు చెప్పారు. ఇది చెబితే పిల్లల్లో దేశభక్తి తగ్గిపోతుందని కొందరు టీచర్లు భయపడతారు. ఆ భయం నాకు లేదు, మీకూ వద్దు. పేలుడుకు కారణం ఏదైనా, లేని నౌక కోసం ఘాజీ విశాఖ దాకా వచ్చిందన్నది మారదు. విక్రాంత్ భద్రంగా ఉండి, డిసెంబరు 4 నుంచి కాక్స్‌బజార్, చిట్టగాంగ్‌ల మీదికి విమానాలు పంపిందన్నదీ మారదు. తేలినదేదో, తేలనిదేదో విడదీసి చెప్పగలిగితే ఆ పిల్లవాడికి చరిత్ర చదవడం వచ్చినట్టే. ఇక్కడ మరో పొరపాటు కూడా సరిదిద్దండి. డిసెంబరు 4న నేవీ డే జరిపేది ఘాజీ కోసమని మన తీరంలో చాలామంది అనుకుంటారు. అది ఆ రాత్రి కరాచీ రేవు మీద మన క్షిపణి పడవలు చేసిన దాడికి గుర్తు.

ఘాజీలో ఉన్నవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు మీ గొంతు ఎలా ఉందో చూసుకోండి. వాళ్లు మన శత్రువులు, నిజమే. మన నౌకను ముంచడానికే వచ్చారు. వాళ్లకూ ఇంట్లో తల్లులున్నారు. క్లాసులో చప్పట్లు మొదలైతే కోప్పడకండి, ఆ 90 మంది సంగతి ఇంకోసారి చెప్పి ముందుకు వెళ్లండి.

ఇప్పుడు బోర్డు మూల ఉన్న ప్రశ్న దగ్గరికి రండి. మనవాళ్లు చేస్తే తెలివి, వాళ్లు చేస్తే మోసమా? ఇందుకు జర్మన్లు గెలిచిన కథ ఒకటి కావాలి, లేకపోతే పిల్లలు ఎప్పుడూ గెలిచేవాడి వైపే ఉంటారు. 1942లో నెదర్లాండ్స్‌లో బ్రిటిష్‌వాళ్లు పంపిన రేడియో ఆపరేటర్ లావర్స్ జర్మన్లకు దొరికిపోయాడు. వాళ్లు అతని చేతే లండన్‌కు సందేశాలు పంపించారు. దొరికిపోతే ఒక రహస్య గుర్తును వదిలేసి పంపాలన్నది ముందే అనుకున్న ఏర్పాటు. అతను అలాగే వదిలేశాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. లండన్‌లో కూర్చున్నవాళ్లు పట్టించుకోలేదు. మనుషుల్ని పంపుతూనే పోయారు. దాదాపు యాభై మంది ఏజెంట్లు పారాచూట్లతో సరాసరి జర్మన్ల చేతుల్లో పడ్డారు. వాళ్లలో ఎక్కువమందిని శిబిరాల్లో చంపేశారు. సిసిలీ దగ్గర అంత తెలివిగా ఉన్న దేశమే ఇక్కడ ఇంత గుడ్డిగా ఉంది. అంతా బాగానే సాగుతోందని వాళ్లు నమ్మాలనుకున్నారు, అందుకే.

ఇది విన్నాక ఆ అబ్బాయినే లేపి అడగండి. జర్మన్లు చేసింది తెలివా మోసమా? పద్ధతి చూస్తే బ్రిటిష్‌వాళ్లు చేసినదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. తేడా చూడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. ఆ యుద్ధం ఎందుకోసం, మోసపోయి చిక్కినవాళ్లను ఏం చేశారు, ఏ గీత దాటారు. యుద్ధానికీ గీతలున్నాయని చాలామంది పెద్దవాళ్లకే తెలియదు. 1907 నాటి హేగ్ ఒప్పందం యుద్ధ తంత్రాలను ఒప్పుకుంది. లేని సైన్యాన్ని ఉన్నట్టు చూపించడం లాంటివి వాటి కిందికి వస్తాయి. తెల్లజెండా చూపి లొంగిపోతున్నట్టు నటించి చంపడాన్నీ, రెడ్‌క్రాస్ గుర్తును దుర్వినియోగం చేయడాన్నీ ఒప్పుకోలేదు. ఎందుకో పిల్లలను ఆలోచించమనండి. ఒకసారి తెల్లజెండా అబద్ధమైతే, ఆ తర్వాత నిజంగా లొంగిపోయేవాణ్ని ఎవరు బతకనిస్తారు?

మన పిల్లలకు ఈ చర్చ కొత్తేమీ కాదు. ‘అశ్వత్థామ హతః’ అని గట్టిగా అని, ‘కుంజరః’ అని మెల్లగా అన్న ధర్మరాజు కథ వాళ్లు వినే ఉంటారు. ద్రోణుడు అస్త్రాలు వదిలేశాడు, పాండవుల పని సులువైంది. భారతం అక్కడితో ఆగలేదు. అప్పటిదాకా నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచిన ధర్మరాజు రథం కిందికి దిగిపోయిందని కూడా చెప్పింది. ద్రోణుడు మిగతావాళ్ల మాట కాకుండా ధర్మరాజు మాటే ఎందుకు నమ్మాడని అడగండి. ఎప్పుడూ అబద్ధమాడనివాడి అబద్ధానికి విలువెక్కువ. అది ఒక్కసారే పనికొస్తుంది. మీ అబ్బాయికి ఇంతకన్నా దగ్గరి జవాబు నాకు తెలియదు.

మూడో పీరియడ్‌ను ఫోన్ కోసం ఉంచండి. 2025 మేలో భారత్, పాకిస్తాన్ మధ్య ఘర్షణ జరిగిన ఆ కొద్దిరోజులూ వీడియో గేముల దృశ్యాలు, ఎప్పటివో పాత వీడియోలు యుద్ధం వీడియోలుగా చలామణి అయ్యాయి. మీ పిల్లల ఇళ్లలోనూ ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేసే ఉంటారు. ఎవరు చేశారని మాత్రం అడగొద్దు, నాన్న పేరు చెప్పాల్సి వస్తే పిల్లలు నోరు మూసేస్తారు. మేజర్ మార్టిన్ కవరును అడిగిన ప్రశ్నలే వీడియోనూ అడగమనండి. ఇది నా దాకా ఎలా వచ్చింది? మొదట పెట్టింది ఎవరు? ఇది నిజమైతే బాగుండునని నాకు ముందే ఉందా? ఈ చివరి ప్రశ్న మీద ఎక్కువసేపు ఉండండి.

విశాఖ సంగతే ఒకటి కూడా చెప్పొచ్చు. 2019 డిసెంబరులో ‘డాల్ఫిన్స్ నోస్’ పేరుతో జరిపిన ఆపరేషన్‌లో, పాకిస్తాన్‌కు సమాచారం చేరవేస్తున్నారన్న ఆరోపణ మీద ఏడుగురు నౌకాదళ సిబ్బందిని అరెస్టు చేశారు. ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేర్లతో పరిచయాలు పెంచుకుని వల వేశారని అప్పుడు పోలీసులు చెప్పారు. ఆ నెలలోనే నౌకాదళం తన స్థావరాల్లో, నౌకల్లో స్మార్ట్‌ఫోన్లనూ ఫేస్‌బుక్‌నూ నిషేధించింది. పామ్ ప్రేమలేఖలు గుర్తున్న పిల్లలకు విడమర్చి చెప్పే పని ఉండదు. ముఖం తెలియనివాళ్ల ఫ్రెండ్ రిక్వెస్టుల గురించి ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

చేయకూడనివి మూడున్నాయి. పాఠం రక్తి కట్టాలని పిల్లల్నే మోసం చేసి మొదలుపెట్టకండి. రేపు సెలవనో, సర్‌ప్రైజ్ టెస్టనో అబద్ధం చెప్పి చివర్లో గుట్టు విప్పడం కొందరికి సరదా. టీచర్ మాట నమ్మొచ్చన్న ధైర్యం మీదే మిగతా పాఠాలన్నీ నడుస్తాయి, దాన్ని ఖర్చు పెట్టొద్దు. రెండోది, ‘మీరూ ఒక నకిలీ వార్త తయారుచేసుకురండి’ అని హోంవర్క్ ఇవ్వకండి. సాయంత్రానికల్లా అది తోటి పిల్ల ఫోటోతో వాట్సాప్‌లో తిరుగుతుంది. మూడోది, మీ క్లాసులో నేవీలోనో డాక్‌యార్డులోనో పనిచేసేవాళ్ల పిల్లలుంటే, ఇంట్లో ఏం మాట్లాడుకుంటారని సరదాకైనా అడగొద్దు. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అని ఊరికే అనలేదు.

టైం చాలకపోతే దేన్ని వదలాలని అడిగారు. బ్లెచ్లీ పార్క్‌ను, హేగ్ ఒప్పందాన్ని రెండేసి నిమిషాలకు కుదించండి. కవర్ల పని, ఘాజీ, నెదర్లాండ్స్ కథ మాత్రం తగ్గించొద్దు. కవర్లకు మీకు ఖర్చు పెద్దగా ఉండదు, పాత పరీక్ష పేపర్ల వెనక రాసినా సరిపోతుంది. బ్యాంకు ఉత్తరంలోని అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాయండి, ఆ 2 పెన్నీల దగ్గరే పిల్లలు నమ్ముతారు. మొదటి పీరియడ్‌కి మీ హెచ్‌ఎం గారిని కూడా పిలిచి, ఒక గుంపులో కూర్చోబెట్టి, ఆయన చేతికీ ఒక కవరు ఇవ్వండి.